ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్ ఉంది, పిలాటీస్ ఫిజియో దగ్గరే చేయాలా? మామూలు స్టూడియోలో చేస్తే చాలదా?

మియాపూర్_నుంచి

అందరికీ నమస్తే. నాకు 37 ఏళ్ళు, ఐటీ జాబ్, పొద్దున్నుంచి రాత్రిదాకా కుర్చీలోనే. పోయిన వేసవిలో వాటర్ క్యాన్ ఎత్తబోతే నడుం పట్టేసింది, ఆ తర్వాత ఎడమ కాలు పిక్క దాకా గుంజడం మొదలైంది, రాత్రి పక్క మీద ఎటు తిరిగినా నిద్ర లేదు. ఆర్థో డాక్టర్ గారు ఎంఆర్ఐ తీయించారు, ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ (నడుం కింది వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ బయటికి ఉబ్బడం), నరం మీద కొంచెం ఒత్తిడి అని రిపోర్ట్. ఆపరేషన్ అవసరం లేదన్నారు. మందులు వాడా, ఫిజియోకి వెళ్ళి కరెంటు పెట్టించుకున్నా, ట్రాక్షన్ (నడుముని సాగదీసి లాగడం) కూడా అయింది, చేసినంతసేపు హాయిగా ఉండేది, సిట్టింగ్స్ అయిపోయాక మళ్ళీ మొదటికే.

ఇప్పుడు కాలి గుంజుడు చాలావరకు తగ్గింది కానీ గంట కూర్చుంటే నడుం బిగుసుకుపోతోంది, పాపని ఎత్తుకోవాలంటే భయం. డాక్టర్ గారేమో కోర్ (పొట్ట, నడుం లోపలి కండరాలు) బలం పెంచుకో, పిలాటీస్ లాంటిది చెయ్యి అన్నారు, అంటే ఆ కండరాల మీద ఊపిరితో కలిపి మెల్లగా చేసే వ్యాయామాలట. మా ఇంటి దగ్గర ఒక స్టూడియోలో రిఫార్మర్ మెషీన్ల (స్ప్రింగులతో జారే మంచం లాంటివి) మీద గ్రూప్ క్లాసులు ఉన్నాయి, ఒకేసారి పదిమంది దాకా చేస్తారు. ఇంకో చోట ఫిజియో క్లినిక్‌లో ఒక్కొక్కరికి విడిగా చేయిస్తారట, రేటు దాదాపు రెట్టింపు. నిజంగా అంత తేడా ఉంటుందా? మా ఆవిడ యూట్యూబ్ చూసి ఇంట్లో చాప మీద చేసుకుంటే సరిపోదా అంటోంది. చేసినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫిజియో_తిరుపతి

నమస్తే అండి. నేను ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేశాను, నడుం, మోకాలు కేసులే ఎక్కువ చూస్తాను, కొంచెం పొడుగ్గా రాస్తా.

మొదట ఒకటి కచ్చితంగా చెప్పాలి. రెండు కాళ్ళ మధ్య భాగం మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా వెళ్ళిపోవడం, పాదం పైకి ఎత్తలేక చెప్పు జారిపోవడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వ్యాయామం మాట పక్కనపెట్టి అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళాలి. నడుం నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా డాక్టర్‌కి చూపించకుండా ఏ క్లాసులోనూ చేరొద్దు. మీరు రాసినదాన్ని బట్టి అవేవీ లేవు, కాలి నొప్పి తగ్గుతోంది, అది మంచి లక్షణం.

ఎంఆర్ఐ గురించి అంత భయపడకండి. ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసిన స్కాన్‌లన్నీ కలిపి 2015లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది, అందులో 20 ఏళ్ళ వాళ్ళలోనే దాదాపు 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది, 80 ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి. రిపోర్ట్‌లో ఆ మాట కనిపించగానే నడుం పని అయిపోయినట్టు కాదు. మీ కాలి నొప్పి, ఆ కాలి బలం, స్పర్శ, వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తితే ఎక్కడ గుంజుతోంది, వీటన్నిటితో కలిపి చూస్తేనే ఆ రిపోర్ట్‌కి అర్థం.

అసలు తేడా ఇక్కడే వస్తుంది. ఫిజియో చేసే మొదటి సిట్టింగ్‌లో పెద్దగా వ్యాయామం ఉండకపోవచ్చు, ఉండకపోతే కంగారు పడకండి. ముందుకు వంగితే నొప్పి కాలిలోకి దిగుతోందా, వెనక్కి వంగితే పైకి వచ్చేస్తోందా, తుంటి ఎంత తిరుగుతోంది, పిరుదు కండరాలు పనిచేస్తున్నాయా, ఊపిరి బిగబట్టి కదులుతున్నారా, ఇవన్నీ చూశాకే మీకేం పనికొస్తుందో తేలుతుంది. డిస్క్ వల్ల నరం నొప్పి ఉన్న చాలామందికి ముందుకు వంగడం పడదు. పిలాటీస్‌లో బాగా పేరున్న రోల్ అప్, బంతిలా దొర్లే రోలింగ్, కాళ్ళు తల మీదుగా వెనక్కి వేసే రోల్ ఓవర్ అన్నీ నడుముని పూర్తిగా వంచేవే. గ్రూప్ క్లాసులో పదిమందితో పాటు అవి మీతోనూ చేయిస్తే మీ నరం ఊరుకోదు. మీకు మొదట్లో అవి తీసేసి వెల్లకిలా పడుకుని ఎదురు చెయ్యి, కాలు మెల్లగా చాపే డెడ్ బగ్, మోకాళ్ళు మడిచి నడుం లేపే బ్రిడ్జ్, చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఎదురు చెయ్యి, కాలు చాపే బర్డ్ డాగ్, పక్కకి పడుకుని మోకాలు తెరిచే క్లామ్, బోర్లా పడుకుని ఛాతీ కొంచెం లేపే చిన్న స్వాన్ లాంటివి ఇస్తారు.

కోర్ అంటే సిక్స్ ప్యాక్ కండరం కాదండి. పైన ఊపిరి పీల్చే డయాఫ్రం, కింద మూత్రసంచిని మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు, చుట్టూ ట్రాన్స్‌వర్సస్ అనే పొట్ట లోపలి కండరం, వెనక వెన్నుపూసల్ని పట్టుకుని ఉండే మల్టిఫిడస్, ఇవన్నీ కలిసి పనిచేయాలి. 1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ఫిజియోలు మనుషుల్ని నిలబెట్టి చెయ్యి గబుక్కున ఎత్తమన్నారు. నడుం నొప్పి లేనివాళ్ళలో చెయ్యి కదలకముందే ట్రాన్స్‌వర్సస్ బిగుసుకుంటోంది, నొప్పి ఉన్నవాళ్ళలో ఆలస్యంగా బిగుసుకుంటోంది. అదే ఏడాది హైడ్స్ వాళ్ళ పరిశీలనలో నొప్పి తగ్గిపోయినా మల్టిఫిడస్ దానంతటదే మామూలు సైజుకి రాలేదని తేలింది. మీకు కరెంటు పెట్టినప్పుడు హాయిగా ఉండి ఆపగానే తిరగబెట్టింది అన్నారు చూడండి, కరెంటు నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, కండరానికి పని నేర్పదు. అలాగని ఆ ఒక్క ట్రాన్స్‌వర్సస్‌నే పట్టుకుని రోజంతా పొట్ట లోపలికి పీల్చుకుని తిరగమని కూడా ఇప్పుడు ఎవరూ చెప్పరు, అన్ని కండరాలూ సరైన టైంలో కలిసి పనిచేయడం ముఖ్యం.

బెజవాడ_లిఫ్టర్

బ్రో నేను వేరే మాట చెప్తా, ఎవరూ ఫీల్ అవ్వొద్దు. పిలాటీస్‌కి ఇప్పుడు హీరోయిన్ల రీల్స్ వల్ల క్రేజ్ వచ్చింది, ఒక క్లాస్ డబ్బుతో జిమ్‌లో నెల గడిచిపోద్ది. నాకూ డిస్క్ ఉంది, మంచి ట్రైనర్ దగ్గర హిప్ హింజ్ (నడుం వంచకుండా తుంటి దగ్గర వంగడం) నేర్చుకుని తక్కువ బరువుతో డెడ్‌లిఫ్ట్ (నేల మీద నుంచి బరువు ఎత్తడం) మొదలెట్టి మెల్లగా పెంచుకుంటూ వచ్చా, ఇప్పుడు బియ్యం బస్తా ఎత్తినా నడుం ఏమీ అనదు. 2015లో కాక్రేన్ వాళ్ళు (వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే సంస్థ) నడుం నొప్పికి పిలాటీస్ మీద 10 ట్రయల్స్ కలిపి చూశారు, 510 మంది. అసలేమీ చేయనివాళ్ళ కంటే, ఏదో నామమాత్రంగా చేసినవాళ్ళ కంటే నొప్పి తగ్గింది కానీ వేరే వ్యాయామాల కంటే గొప్ప అని గట్టిగా చెప్పే ఆధారం దొరకలేదన్నారు. మరి డబుల్ రేటు ఎందుకు కట్టాలి?

ఫిజియో_తిరుపతి

మీరు చెప్పింది నిజమేనండి, ఆ రివ్యూ గురించి నా పేషెంట్లకి నేనే చెప్తాను. పిలాటీస్‌లో మంత్రం ఏమీ లేదు. మీకు డెడ్‌లిఫ్ట్ పనిచేసింది, ఎందుకంటే మీ ట్రైనర్ ముందు హింజ్ నేర్పి, తక్కువ బరువుతో మొదలెట్టి, ఓపిగ్గా పెంచారు. ఫిజియో చేసేదీ అదే పని, నొప్పి ఇంకా ఉన్న మనిషితో. కాలిలో నరం నొప్పి ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, వంగాలంటేనే వణికేవాళ్ళు మొదటి రోజే బార్‌బెల్ పట్టలేరు. పడుకుని, మోకాళ్ళ మీద, తర్వాత కూర్చుని, తర్వాత నిలబడి అలా మెట్లు కట్టుకుంటూ రావడానికి పిలాటీస్ వీలుగా ఉంటుంది, చివరి మెట్టు మీ డెడ్‌లిఫ్టే కావచ్చు. నా పేషెంట్లు జిమ్‌కి మారితే నాకు సంతోషమే.

క్రేజ్ సంగతికొస్తే, ఇది రీల్స్‌తో పుట్టింది కాదు. జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో ఉన్న జర్మన్‌లని నిర్బంధిస్తే ఐల్ ఆఫ్ మాన్‌లో క్యాంపులో ఉన్నాడు. అక్కడ మంచం పట్టినవాళ్ళకి ఆసుపత్రి మంచాలకి స్ప్రింగులు కట్టి వ్యాయామం చేయించాడని చెప్తారు. 1926లో న్యూయార్క్ వెళ్ళి స్టూడియో పెడితే దెబ్బలు తగిలిన డాన్సర్లు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. దెబ్బ నుంచి కోలుకోవడం అనేది మొదటినుంచీ ఇందులో ఉన్నదే.

ఓరుగల్లు_అమ్మ

నేను వరంగల్ నుంచి. నాది డిస్క్ కాదు గానీ చెప్పాలనిపించింది, ఎందుకంటే ఇది ఆడోళ్ళు బయటికి చెప్పుకోరు. రెండో సిజేరియన్ అయినంక పడుకుని లేస్తుంటే పొట్ట నడిమిట్ల గుట్టలెక్క లేస్తుండె, నడుం ఒకటే నొప్పి, దగ్గినా తుమ్మినా యూరిన్ లీక్ అయితుండె. అందరు ఏమన్నరంటే బెల్టు కట్టుకో, పొట్ట తగ్గాలంటే క్రంచెస్ చెయ్యి. క్రంచెస్ చేస్తే ఆ గుట్ట ఇంకింత లేస్తుండె.

ఆఖరికి ఒక ఫిజియో మేడం దగ్గరికి పోయిన. పండుకోబెట్టి తల లేపమని బొడ్డు దగ్గర వేళ్ళు పెట్టి చూసింది, పొట్ట కండరాలు రెండు పక్కలకు ఎడబాసినయ్, దీన్ని డయాస్టాసిస్ అంటరని చెప్పింది. మొదలు ఒట్టి ఊపిరే నేర్పింది, పక్కటెముకలు పక్కలకు విప్పారేటట్టు పీల్చుడు, వదిలేటప్పుడు కింద పెల్విక్ ఫ్లోర్‌ను మెల్లగ పైకి లాగుడు. ఇదేం వ్యాయామం అనుకున్న గానీ లీక్ అయ్యేది ముందు దీనితోటే తగ్గింది. తర్వాత మడిమ జరుపుడు, బ్రిడ్జ్, నాలుగు కాళ్ళ మీద నిలబడి చెయ్యి కాలు చాపుడు. పిల్లగానిని ఎత్తుకునే ముందు ఊపిరి వదులుకుంట ఎత్తు అని కూడా ఆమెనే చెప్పింది, అది ఇప్పటికి మరవలే.

మన తెలంగాణల 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల వంద కాన్పులల్ల 60.7 సిజేరియన్లే అని వచ్చింది, ఆంధ్రల 42.4. గింతమందికి కోస్తున్నరు, డిశ్చార్జ్ చేసేటప్పుడు పొట్ట కండరాల గురించి ఒక్క ముక్క చెప్పేటోళ్ళు తక్కువ. తమ్ముడూ, నీ ఇంట్ల గూడ పాప ఉన్నదంటున్నవ్, మీ ఆవిడను గూడ ఒకసారి చూపించు, ఇద్దరికి పనికొస్తది.

మెల్‌బోర్న్_తెలుగు

ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇది చాలా మామూలు విషయం, ఫిజియో క్లినిక్‌లోనే రిఫార్మర్లు ఉంటాయి, ముందు విడిగా అసెస్‌మెంట్ చేసి, ఆ తర్వాత నలుగురైదుగురు ఉన్న చిన్న గ్రూపులో ఎవరి ప్రోగ్రాం వాళ్ళతో చేయిస్తారు. అదే గదిలో ఒకాయన భుజానికి చేస్తుంటాడు, పక్కన ఒకావిడ ప్రెగ్నెన్సీకి చేస్తుంటుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి గవర్నమెంట్ పిలాటీస్‌ని ప్రైవేట్ ఇన్సూరెన్స్ రిబేట్ నుంచి తీసేసింది, దాంతో క్లినిక్‌లన్నీ బోర్డుల మీద పేరు మార్చి ఫిజియో ఎక్సర్‌సైజ్ అని పెట్టుకున్నాయి. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఇక్కడున్న తెలుగువాళ్ళు ఎవరైనా చేరేముందు మీ ఇన్సూరెన్స్ ఫండ్‌కి ఫోన్ చేసి అడగండి.

నాది క్రికెట్ ఆడుతూ ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగిన కేసు. ఆపరేషన్ అయ్యాక రిఫార్మర్ ఎందుకు బాగుంటుందంటే పడుకుని పాదాలతో బార్‌ని తోస్తాం కదా, స్ప్రింగులు తగ్గించుకుంటే ఒంటి బరువు మొత్తం మోకాలి మీద పడకుండానే స్క్వాట్ లాంటి కదలిక వస్తుంది, తర్వాత స్ప్రింగు పెంచుతారు, ఒంటి కాలికి మారుస్తారు. అయితే ఆటలోకి వెళ్ళాలంటే ఇది ఒక్కటే చాలదు, తర్వాత బరువులు, దూకడం, దిశ మార్చి పరిగెత్తడం అన్నీ చేయాల్సిందే. 2016లో వచ్చిన నార్వే స్టడీలో 9 నెలల దాకా ఆటని ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మళ్ళీ మోకాలి దెబ్బ తగిలే రేటు 51 శాతం చొప్పున తగ్గిందని చూపించారు. మన దగ్గర కబడ్డీ, క్రికెట్ ఆడే కుర్రాళ్ళు నొప్పి పోగానే నాలుగో నెలలోనే గ్రౌండ్‌లో దిగిపోతుంటారు, వాళ్ళకి ఇది ఎవరైనా గట్టిగా చెప్పాలి.

ఒంగోలు_టీచర్

మేడం @ఫిజియో_తిరుపతి గారూ, మా ఊళ్ళో ఈ మెషీన్ల స్టూడియోలు లేవు. మా అమ్మకి 64, ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పారు, నడుం నొప్పి ఉంది. మా చెల్లి హైదరాబాద్ నుంచి ఏదో పిలాటీస్ వీడియో పంపింది, అమ్మ చేయొచ్చా? మెషీన్ లేకుండా ఇంట్లో కుదురుతుందా?

ఫిజియో_తిరుపతి

వీడియో చూసి అమ్మగారితో చేయించొద్దండి, దయచేసి. ఎముకలు గుల్లబారినవాళ్ళకి ముందుకు వంగే వ్యాయామాలు ప్రమాదం. 1984లో మేయో క్లినిక్ వాళ్ళు ఇలాంటి ఆడవాళ్ళ మీద చేసిన ఒక చిన్న స్టడీలో వెన్ను వెనక్కి సాగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగితే, ముందుకు వంగేవి చేసినవాళ్ళలో 89 శాతం మందికి నలిగాయి. పాత స్టడీ, మనుషులు తక్కువే, అయినా ఆ తేడా చూశాక నేను ఏ పెద్దావిడకీ రోల్ అప్ ఇవ్వను. నడుం తిప్పుతూ వంగేవి కూడా వద్దు. అమ్మగారికి వెన్ను నిటారుగా ఉంచే వ్యాయామాలు, గోడకి ఆనుకుని చేసేవి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పడిపోకుండా బ్యాలెన్స్ పనికొస్తాయి. వాటిని ఒకసారి ఫిజియో ఎదురుగా నేర్చుకోవాలి.

మెషీన్ లేకపోతే ఏమీ కాదు. పిలాటీస్ మొదట చాప మీద చేసేదే, జోసెఫ్ పిలాటీస్ రాసిన మ్యాట్ వ్యాయామాలు 34 ఉన్నాయి, వాటినే ఫిజియోలు ముక్కలుగా విడగొట్టి తేలిక చేసి వాడుతున్నారు. ఇంట్లో బొంత నాలుగు మడతలు వేసి నేల మీద పరుచుకోండి, మంచం మీద పరుపు లోపలికి కుంగుతుంది కాబట్టి అక్కడ వద్దు. మన దగ్గర గవర్నమెంట్ టీచింగ్ హాస్పిటల్స్‌లో ఫిజియోథెరపీ ఓపీ ఉంటుంది, తిరుపతిలో స్విమ్స్‌లో, హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఫిజియో కాలేజీలే ఉన్నాయి. ప్రైవేట్‌గా వెళ్తే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివారా అని మొహమాటం లేకుండా అడగండి, అది నాలుగేళ్ళ చదువు, ఆ పైన ఇంటర్న్‌షిప్. వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసిన ఇన్‌స్ట్రక్టర్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి బాగా చేయించొచ్చు, నరం నొప్పి ఉన్న కాలిని పరీక్షించడం వాళ్ళ చదువులో ఉండదు.

మియాపూర్_నుంచి

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అక్కా, మా ఆవిడకి మీ మెసేజ్ చదివి వినిపించా, తనకీ అదే ఇబ్బంది ఉందట, నాతో ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇద్దరం కలిసే వెళ్తాం.

మేడం, రెండు డౌట్లు. ఒకటి, ఆ క్లినిక్‌లో నిజంగా నన్ను చూసి చేయిస్తున్నారా లేక అందరికీ ఒకటే చేయిస్తున్నారా ఎలా తెలుస్తుంది? రెండు, చేసేటప్పుడు నొప్పి వస్తే ఆపేయాలా?

ఫిజియో_తిరుపతి

మొదటిదానికి, వాళ్ళు మిమ్మల్ని ఏం అడిగారో గుర్తుపెట్టుకోండి. ఏ పని చేస్తే నొప్పి, ఏ టైంలో ఎక్కువ, కాలు ఎక్కడిదాకా, ఇంట్లో మీరు తిరిగి చేయాలనుకుంటున్న పని ఏంటి, ఇవి అడగకుండా నేరుగా మెషీన్ ఎక్కిస్తే నాకు నచ్చదు. కొందరు నడుం కింద గాలి సంచి పెట్టి 40 మిల్లీమీటర్ల ప్రెషర్ దాకా గాలి కొట్టి, కాలు కదిపినప్పుడు మీటర్ ముల్లు ఎంత ఊగుతోందో చూస్తారు, నడుం కదలకుండా ఉందా లేదా మీకే కనిపిస్తుంది. అది లేకపోయినా పర్లేదు, మీ ఒంటి మీద చెయ్యి వేసి ఇక్కడ బిగించండి, ఇక్కడ వదలండి అని చెప్పేవాళ్ళు కావాలి. రెండు మూడు వారాలకి ఒకసారి మొదట చేసిన పరీక్షలే మళ్ళీ చేసి, తేడా చూసి, వ్యాయామం మార్చాలి. నెల గడిచినా అవే నాలుగు చేయిస్తుంటే అడగండి. ఇంటికి రెండో మూడో ఇచ్చి పంపాలి కూడా, వారానికి రెండు సిట్టింగ్‌లకి వచ్చి మిగతా ఐదు రోజులు ఏమీ చేయకపోతే డబ్బు దండగ. స్తోమత లేకపోతే ఆ మాట ముందే చెప్పండి, కొన్ని సిట్టింగ్‌లలో నేర్పి ఇంటికి పంపి, ఆ తర్వాత నెలకోసారి చూసే ఫిజియోలు ఉన్నారు, నేనూ అలాగే చేస్తాను.

రెండోది ముఖ్యం. నడుం దగ్గర కొంచెం నొప్పి వచ్చి కాసేపట్లో తగ్గిపోతే, మర్నాడు పొద్దున మామూలుగా ఉంటే పర్లేదు. కండరం అలిసిన నొప్పి వేరు, అది రావాలి కూడా. నొప్పి నడుం నుంచి పిరుదుకి, పిరుదు నుంచి పిక్కకి దిగుతుంటే, తిమ్మిరి పెరుగుతుంటే ఆ వ్యాయామం అక్కడితో ఆపేసి ఫిజియోకి చెప్పండి. దానికి రివర్స్‌గా, కాలి నొప్పి పోయి నడుం మధ్యలో మాత్రమే కొంచెం ఎక్కువైనట్టు అనిపిస్తే భయపడొద్దు, చాలామందిలో అది తగ్గే దారిలో ఉన్నట్టే.

బెజవాడ_లిఫ్టర్

మేడం చెప్పాక నాకూ క్లియర్ అయింది. బ్రో, ముందు ఆ ఫిజియో దగ్గరే మొదలెట్టు, కాలి గుంజుడు పూర్తిగా పోయి ఆయన ఓకే అన్నాక జిమ్‌కి రావాలనుకుంటే ఇక్కడే మెసేజ్ పెట్టు, హింజ్ ఎలా మొదలెట్టాలో రాస్తా. ఈలోపు వాటర్ క్యాన్ నేల మీద నుంచి ఎత్తకు, స్టూల్ మీద పెట్టించుకో, క్యాన్ అబ్బాయికి చెప్తే డిస్పెన్సర్ మీద పెట్టి వెళ్తాడు.

మియాపూర్_నుంచి

తప్పకుండా బ్రో. శనివారం పొద్దున అపాయింట్‌మెంట్ దొరికింది, ఎంఆర్ఐ రిపోర్ట్, పాత మందుల చీటీ తీసుకెళ్తున్నా. మొదటిరోజు ఏం పరీక్ష చేశారో, ఇంటికి ఏం ఇచ్చారో ఇదే థ్రెడ్‌లో రాస్తా.